ఆ క్రెడిట్ దయ్యానికెందుకు?

అమెరికాలో రాబర్ట్ జాన్సన్ అనే గిటార్ కుర్రాడు అర్ధరాత్రి నాలుగు రోడ్ల కూడలికి వెళ్ళాడట. అక్కడ ఒక నల్లటి భారీ ఆకారం వచ్చి అతని గిటార్ తీసుకుని, శృతి చేసి, రెండు ముక్కలు వాయించి తిరిగి ఇచ్చిందట. ఆ రాత్రి నుంచి అతను వాయించలేని పాటే లేదట, ఆత్మ మాత్రం దయ్యం సొంతమైపోయిందట. ఈ కథను మా గ్రూపులోకి ఏటా ఎవరో ఒకరు మోసుకొస్తారు. కింద ఒక యూట్యూబ్ లింకు, దాని కింద "గూస్‌బంప్స్ రా మామా" అని ఒక మాట.

మేం నలుగురం. ఇంజినీరింగ్ హాస్టల్లో మొదలైన పాటల పిచ్చి మాది. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ ఎక్కడ ఏం చేస్తోందని తెల్లవార్లూ కొట్టుకునేవాళ్ళం. అక్కణ్ణుంచి ఎలాగో అమెరికా దక్షిణాది పాత గిటార్ పాటల దగ్గరికి వచ్చి ఆగిపోయాం. నల్లజాతి వాళ్ళ బ్లూస్, పల్లెల్లోని పాత కంట్రీ పాట, చర్చిలో పాడే గాస్పెల్, హవాయి గిటార్, వీటన్నిటినీ కలిపి రూట్స్ మ్యూజిక్ అంటుంటారు, మేమూ అలాగే అంటాం. ఇప్పుడు ఒకడు డాలస్‌లో, ఒకడు వైజాగ్‌లో, మిగతా ఇద్దరం హైదరాబాద్‌లో. వారానికి ఒకరు ఒక పాట పంపాలి, మిగతావాళ్ళు విని ఏదో ఒకటి చెప్పాలి. "సూపర్" అంటే చెల్లదు.

దయ్యం కథ వచ్చినప్పుడల్లా నేను గొడవ పెట్టుకుంటాను. "వదిలెయ్ రా, సరదా కథ" అంటారు. నేను వదలను. ఆ కథ వల్ల ఒక మనిషి పేరు మాయమైపోయింది, అదీ నా గొడవ.

జాన్సన్ కుర్రవాడిగా ఉన్నప్పుడు మిసిసిపి రాష్ట్రంలో రాబిన్సన్‌విల్ దగ్గర సన్ హౌస్ అనే బ్లూస్ గాయకుడి లాంటి పెద్దవాళ్ళు వాయించే చోటల్లా తిరిగేవాడు. వాళ్ళు విరామం తీసుకోగానే గిటార్ అందుకుని గోల చేసేవాడు, జనం విసుక్కునేవాళ్ళు. కొంతకాలం కనిపించకుండా పోయాడు. తిరిగొచ్చి వాయిస్తే పెద్దవాళ్ళు నోరు తెరుచుకుని చూశారు. ఇది సన్ హౌస్ స్వయంగా 1960లలో చెప్పిన సంగతి. మధ్యలో ఏం జరిగిందన్న ఖాళీలోకి దయ్యం వచ్చి కూర్చుంది. నిజానికి ఆ కూడలి కథ ముందు టామీ జాన్సన్ అనే వేరే గాయకుడి గురించి అతని అన్న చెప్పింది. రాబర్ట్‌కి అతనితో చుట్టరికం కూడా లేదు, ఇంటిపేరు ఒకటే, అంతే.

జాన్సన్ ఆ రోజుల్లో వెళ్ళింది తాను పుట్టిన హేజల్‌హర్స్ట్ ప్రాంతానికి. అక్కడ ఐక్ జిమర్మన్ అనే గిటార్ వాద్యకారుడి ఇంట్లో ఉండి నేర్చుకున్నాడు. జిమర్మన్ కూతురు చాలా ఏళ్ళ తర్వాత పరిశోధకులకు చెప్పిన దాని ప్రకారం గురువూ శిష్యుడూ రాత్రిళ్ళు బోరిగార్డ్ ఊరి శ్మశానంలో సమాధుల మీద కూర్చుని సాధన చేసేవాళ్ళు. అక్కడైతే ఎవరి నిద్రా చెడదు, ఎవరూ వచ్చి తిట్టరు. ఇంట్లో పిల్లలు పడుకున్నాక వీధి చివర అరుగు మీద కూర్చుని సాధన చేసిన మన నాదస్వరం వాళ్ళకైనా, డోలు వాళ్ళకైనా ఇందులో వింతేమీ కనిపించదు. జిమర్మన్ ఒక్క రికార్డూ ఇవ్వలేదు. శిష్యుడు 1936 నవంబరులో శాన్ ఆంటోనియోలో, 1937 జూన్‌లో డాలస్‌లో, రెండు విడతల్లో 29 పాటలు రికార్డు చేసి, 1938 ఆగస్టులో 27 ఏళ్ళకే చనిపోయాడు. 1961లో అతని పాటలతో ఎల్పీ రికార్డు వచ్చాక ఇంగ్లండులో, అమెరికాలో ఒక తరం గిటారిస్టులు దాన్ని వేదంలా విన్నారు. వాళ్ళకి తెలిసిన గురువు మాత్రం కూడలిలో నిలబడ్డ దయ్యమే.

డాలస్‌లో ఆ రికార్డింగ్ జరిగిన భవనం, 508 పార్క్ అవెన్యూ, ఇప్పటికీ ఉంది. మా డాలస్ వాడు ఒక ఆదివారం కూతుర్ని కూచిపూడి క్లాసులో దించి, ఆ గంటన్నరలో వెళ్ళి చూసి ఫోటో పంపాడు. కింద మళ్ళీ దయ్యం బొమ్మ ఇమోజీ. ఆ రోజు నాకు నిజంగానే మండింది.

మా వైజాగ్ వాడి వాదన ఏంటంటే, కథ లేకపోతే పాట ఎవడు వింటాడు? తొంభై ఏళ్ళ నాటి గరగర రికార్డు, అర్థం కాని యాస, ఏదో ఒక ఆకర్షణ ఉండాలి కదా. సరే, కథే కావాలంటే శ్మశానంలో సమాధి మీద కూర్చుని పాఠం చెప్పిన గురువు కథ చాలదా? నాకైతే దయ్యం కథకంటే అదే బాగుంటుంది. అందులో చెమట ఉంది, నెలల తరబడి నిద్ర మానుకోవడం ఉంది. దయ్యం కథలో సాధన ఉండదు, ఒక్క రాత్రిలో వచ్చేస్తుంది విద్య. నల్లజాతి కళాకారుడి పనితనాన్ని పనితనంగా చూడటానికి మనసొప్పనివాళ్ళకి ఆ కథ ఎంత సౌకర్యమో ఆలోచించండి. అతను నేర్చుకోలేదు, అతని చేత వేరేదేదో వాయించింది. మెచ్చుకుంటున్నట్టే ఉంటుంది, మనిషి చేతుల్లోంచి విద్యను లాగేసుకుంటుంది.

ఈ విషయంలో మనవాళ్ళ పద్ధతి ఒకటి నాకు ఇష్టం. బాలమురళీకృష్ణ గురించి ఎవరైనా రెండు మాటలు రాస్తే అందులో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు పేరు వచ్చి తీరుతుంది. ఆయన పేరు చెప్తే సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి పేరు, ఆయన వెనుక మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన వెనుక త్యాగరాజస్వామి. బాలమురళి అంతటి అద్భుతానికి కూడా ఏ దేవుడో రాత్రికి రాత్రి ఇచ్చి వెళ్ళాడని చెప్పి ఊరుకోలేదు. గురువు పేరు లేని విద్వాంసుణ్ణి మనం ఊహించుకోలేం. అదే జానపదం దగ్గరికి వచ్చేసరికి మనకూ నాలుక మడతపడుతుంది. ఆ సంగతి తర్వాత.

ముందు సంగీతం దగ్గరికి వద్దాం. గిటార్ గురించి రాస్తూ చేతుల గురించి చెప్పకపోతే అది కూడా దయ్యం కథే అవుతుంది. ఈ పాత పాటల్లో నన్ను కట్టిపడేసింది బొటనవేలు. మిసిసిపి జాన్ హర్ట్ అనే పెద్దాయన ఉన్నాడు. వినండి, ముగ్గురు వాయిస్తున్నట్టు ఉంటుంది. ఉన్నది ఒక్కడే. కుడిచేతి బొటనవేలు లావు తీగల మీద ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ, ఆగకుండా నడుస్తుంది. ఇద్దరు ఆడవాళ్ళు ఒకే రోట్లో రోకళ్ళు మార్చి మార్చి వేస్తే ఎలా ఉంటుందో అలా, ఒకటి తగ్గదు, ఒకటి పెరగదు. పైన సన్న తీగల మీద రెండు వేళ్ళు పాటను పలికిస్తాయి, అదీ దెబ్బ మీద కాకుండా కాస్త ముందో వెనకో. బొటనవేలు తాళం, వేళ్ళు పాట. రెండిటికీ చెరో బుర్ర ఉన్నట్టు వాయించాలి. నేను మూడేళ్ళుగా ప్రయత్నిస్తున్నాను, పాడటం మొదలుపెట్టగానే బొటనవేలు నోటి వెంట పరిగెడుతుంది. హర్ట్ దాని మీద మెల్లగా, పక్కింటి వాళ్ళతో మాట్లాడుతున్నంత తాపీగా పాడతాడు. అరుపు లేదు, ఏడుపు లేదు. బ్లూస్ అంటే గుండెలు బాదుకోవడమే అనుకునే వాళ్ళకి ముందు హర్ట్ పాటే వినిపించాలని నా అభిప్రాయం. ఈయన్ని దయ్యం కథలో ఇరికించడం ఎవరి వల్లా కాదు.

ఆయన చరిత్ర మొత్తం పాటలు పంచుకునే మిత్రుల చరిత్రే. మిసిసిపిలో అవలాన్ అనే పల్లెలో కౌలు రైతు. పక్క ఊళ్ళో విల్లీ నార్మర్ అనే తెల్లజాతి ఫిడేలు వాద్యకారుడు ఉండేవాడు, అప్పుడప్పుడూ ఇద్దరూ కలిసి వాయించేవాళ్ళు. నార్మర్‌కి ఓకే రికార్డ్స్ వాళ్ళు రికార్డు చేసే అవకాశం ఇచ్చినప్పుడు, మా వైపు ఇంకొకడున్నాడు వినండి అని హర్ట్ పేరు చెప్పాడు. అలా 1928లో హర్ట్ మెంఫిస్‌లో, తర్వాత న్యూయార్క్‌లో రికార్డులు ఇచ్చాడు. అవి పెద్దగా అమ్ముడు పోలేదు. ఆ వెంటనే ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. ఆయన మళ్ళీ పొలానికి వెళ్ళిపోయాడు.

1952లో హ్యారీ స్మిత్ అనే వింత మనిషి తన దగ్గరున్న పాత రికార్డుల్లోంచి 84 పాటలు ఏరి ఫోక్‌వేస్ కంపెనీ ద్వారా ఒక సంకలనం తెచ్చాడు. అందులో హర్ట్ పాటలు రెండున్నాయి. విన్నవాళ్ళకి ఈయన ఎవరో, బతికున్నాడో లేదో తెలియదు. ఆయన ఇంకో రికార్డు, తన ఊరి పేరు పెట్టి పాడిన అవలాన్ బ్లూస్, ఎక్కడో ఆస్ట్రేలియాలో ఒక కాపీ బయటపడింది. డిక్ స్పాట్స్‌వుడ్ అనే సేకర్త అట్లాసు తిరగేసి ఆ పేరుతో ఊరు ఉందని కనిపెట్టి, ఎలాగూ ఆ వైపు వెళ్తున్న టామ్ హోస్కిన్స్ అనే మిత్రుడితో, దారిలో కాస్త వాకబు చెయ్యి అన్నాడు. 1963లో హోస్కిన్స్ వెళ్ళి అడిగితే ఊరివాళ్ళు ఇల్లు చూపించారు. డెబ్భై ఏళ్ళ హర్ట్ అక్కడే ఉన్నాడు. 35 ఏళ్ళుగా అక్కడే ఉన్నాడు, అడిగినవాళ్ళే లేరు. అదే ఏడాది న్యూపోర్ట్ ఫోక్ ఫెస్టివల్లో వాయించాడు. మూడేళ్ళు దేశమంతా తిరిగి, 1966లో పోయాడు.

నార్మర్ చెప్పకపోతే ఆ రికార్డు లేదు. ఆస్ట్రేలియాలో ఎవరో దాచకపోతే, అట్లాసు తీసే స్నేహితుడు, దారి మళ్ళే స్నేహితుడు లేకపోతే ఆ రెండో జీవితం లేదు. ఈ వరసలో అందరి పేర్లూ మనకు తెలుసు. అందుకే ఈ కథ నేను ధైర్యంగా చెప్పగలను.

ఇక్కడ మా డాలస్ వాడితో ఇంకో తగువు ఉంది. వాడికి అసలు సిసలు పాటల పిచ్చి. 1930లకు ముందుది అయ్యుండాలి, కరెంటు గిటార్ కాకూడదు, పొలంలోంచి వచ్చినవాడు పాడాలి. ఆ తర్వాతదంతా కల్తీ అంటాడు. ఆ స్వచ్ఛత ఎక్కడుందో నాకు కనిపించదు. ఆ పాత బ్లూస్ గిటార్‌లో ఎక్కువగా వాడే ఓపెన్ ట్యూనింగులు రెండున్నాయి. ఏ మెట్టు మీదా వేలు పెట్టకుండా తీగలన్నీ ఒకేసారి మీటితే స్వరాలు కలిసి పలికేలా చేసే శృతి అది. ఒకదాన్ని స్పానిష్ అంటారు, ఇంకోదాన్ని వెస్టాపోల్ అంటారు. మిసిసిపి పొలాల్లోకి ఆ పేర్లెలా వచ్చాయి? హెన్రీ వొరాల్ అనే గిటార్ మాస్టారు 1860లో అచ్చు వేసిన రెండు పాఠాల నుంచి. ఒకటి స్పానిష్ ఫాండాంగో, రెండోది క్రిమియా యుద్ధంలో ముట్టడి జరిగిన సెవాస్టపోల్ నగరం పేరు మీద రాసిన ముక్క. మధ్యతరగతి అమ్మాయిలు డ్రాయింగ్ రూముల్లో నేర్చుకునే సంగీతం అది. రష్యా కోట పేరు నోట్లో నలిగి నలిగి వెస్టాపోల్ అయి పత్తి చేలల్లో తేలింది. గిటార్లేమో సియర్స్ కంపెనీ క్యాటలాగు చూసి పోస్టులో తెప్పించుకున్నవి.

సీసా మెడనో కత్తినో తీగల మీద జార్చి వాయించే స్లైడ్ పద్ధతి ఆఫ్రికా నుంచి వచ్చిన ఒంటి తీగ వాద్యం నుంచి వచ్చిందా, హవాయి నుంచి వచ్చిందా అని పండితులు ఇంకా తేల్చుకోలేదు. బహుశా రెండూ. డబ్ల్యు.సి. హ్యాండీ అనే బ్యాండు నాయకుడు 1903 ప్రాంతంలో టట్‌విలర్ రైల్వే స్టేషన్లో ఒకతను కత్తితో గిటార్ వాయిస్తుంటే విని, తర్వాత తన ఆత్మకథలో దాన్ని హవాయి వాళ్ళ పద్ధతితోనే పోల్చాడు. హవాయి గిటార్ మన దేశానికీ వచ్చింది, కలకత్తాలో ఇంటింటా మోగింది, మన పాత సినిమా పాటల్లో ఆ జారుడు ఇప్పటికీ వినొచ్చు. తీగల మీద కర్రముక్క జార్చి వాయించే గోటువాద్యం విన్న చెవికి స్లైడ్ గిటార్ పరాయిదిగా తోచదు. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి దూకకుండా పాకుతూ వెళ్ళడం మనకు పుట్టుకతో తెలిసిన సంగతే. కాబట్టి మామా, కల్తీ లేని రూట్స్ కావాలంటే నీకు ఏమీ మిగలదు అని వాడికి చెప్తాను. వాడు ఒప్పుకోడు. వాడి దగ్గర నా దగ్గరకంటే మంచి స్పీకర్లున్నాయి, అది వేరే విషయం.

అయితే అంతా అందరిదీ, అందరూ పంచుకున్నదే కదా, ఇంక పేర్లెందుకు అనే మాట దీని వెంటే వస్తుంది. మా నాలుగోవాడు సరిగ్గా ఇదే అంటాడు. పాట బతికితే చాలు, పాడినవాడెవడైతేనేం? వినడానికి చాలా ఉదారంగా ఉంటుంది. ఈ ఉదారత ఖర్చు ఎవరి జేబులోంచి పోతోందని అడగాలి.

ఎలిజబెత్ కాటన్ సంగతే తీసుకోండి. 1893లో నార్త్ కరోలినాలో చాపెల్ హిల్ దగ్గర పుట్టింది. చిన్నతనంలోనే ఇళ్ళల్లో పనికి కుదిరి, నెలకు 75 సెంట్ల జీతంలోంచి కూడబెట్టి, 3 డాలర్ల 75 సెంట్లు పెట్టి గిటార్ కొనుక్కుంది. ఎడమచేతి వాటం. గిటార్ తీగలు మార్చకుండా అలాగే తిప్పి పట్టుకుంది. దాంతో లోకమంతా బొటనవేలితో వాయించే లావు తీగలు ఆవిడ వేళ్ళ కిందికి వచ్చాయి, పాట బొటనవేలికి వచ్చింది. పన్నెండేళ్ళు నిండీ నిండకముందే ఫ్రైట్ ట్రెయిన్ అనే పాట కట్టింది. తర్వాత పెళ్ళి, చర్చి, లోకం పాటలు మానెయ్యమన్న మాట, సంసారం. దాదాపు నలభై ఏళ్ళు గిటార్ ముట్టలేదు. వాషింగ్టన్‌లో ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో పనిచేస్తుండగా తప్పిపోయిన ఒక చిన్నపిల్లను తల్లికి అప్పజెప్పింది. ఆ పిల్ల పెగ్గీ సీగర్, ఆ ఇల్లంతా సంగీతం వాళ్ళే. కాటన్ వాళ్ళింట్లో పనికి కుదిరింది. గోడకు వేలాడుతున్న గిటార్ తీసి వాయించడం మళ్ళీ మొదలుపెట్టింది.

పెగ్గీ ఆ పాటను ప్రేమతోనే ఇంగ్లండుకు మోసుకెళ్ళింది, అక్కడి మిత్రులకు నేర్పింది. 1957లో అక్కడ ఆ పాట హిట్టయింది, కానీ రికార్డు మీద రచయితలుగా వేరే ఇద్దరి పేర్లు. కాటన్ ఆ వేళకి వాషింగ్టన్‌లో ఇంటిపనులు చేసుకుంటోంది. తర్వాత గొడవపడితే గానీ ఆవిడ పేరు రాలేదు. ఇక్కడ పాట బతికింది, నిక్షేపంగా బతికింది. కానీ రాయల్టీ అనేది పేరును వెతుక్కుంటూ వస్తుంది గానీ పాటను వెతుక్కుంటూ రాదు. పెగ్గీ అన్న మైక్ సీగర్ ఇంట్లోనే టేపు పెట్టి రికార్డు చేసి 1958లో ఆమె మొదటి ఆల్బం వచ్చేలా చేశాడు. 1985లో, 92 ఏళ్ళ వయసులో, గ్రామీ అందుకుంది. పేరు చెప్పి పంచుకోవడానికీ చెప్పకుండా పంచుకోవడానికీ తేడా ఒకే ఇంట్లో కనిపిస్తుంది ఇక్కడ.

లెస్లీ రిడిల్ కథ ఇంకా కష్టంగా ఉంటుంది. టెనసీలోని కింగ్స్‌పోర్ట్‌లో ఉండే నల్లజాతి గిటారిస్టు. సిమెంటు ఫ్యాక్టరీ ప్రమాదంలో ఒక కాలు పోయింది, తుపాకీ పేలి కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. మిగిలిన వేళ్ళతోనే తన పద్ధతి తయారు చేసుకున్నాడు. కార్టర్ ఫ్యామిలీ అనే పాత కంట్రీ పాటల బృందానికి పెద్ద ఏ.పి. కార్టర్ 1928లో అతన్ని కలిశాడు. ఇద్దరూ కొండల్లో ఊరూరా తిరిగి పాటలు పోగుచేసేవాళ్ళు. కార్టర్ మాటలు రాసుకునేవాడు, రిడిల్ బాణీ గుర్తుపెట్టుకునేవాడు. టేపు రికార్డర్ లేని రోజుల్లో ఆ టేపు రికార్డర్ రిడిల్ బుర్రే. ఆ జ్ఞాపకంలోంచే పాటలు కార్టర్ల ఇంటికి చేరాయి. ఆ బృందంలో గిటార్ వాయించే మేబెల్ కార్టర్ అతని దగ్గర వేళ్ళతో మీటే పద్ధతి నేర్చుకుంది. రికార్డుల మీద ఏ.పి. కార్టర్ పేరు. రిడిల్ కొన్నాళ్ళకి ఉత్తరాదికి, రోచెస్టర్‌కి వెళ్ళిపోయి సంగీతమే వదిలేశాడు. అక్కడికే వచ్చి చేరిన సన్ హౌస్ కూడా 1964లో సేకర్తలకి అదే ఊళ్ళో దొరికాడు, ఇదో విచిత్రం. రిడిల్ పేరు చెప్పింది మేబెల్ కార్టరే. ఆ మాట పట్టుకుని మైక్ సీగర్ 1965లో అతన్ని వెతికి పట్టుకుని మళ్ళీ వాయించేలా చేశాడు. మేబెల్ మీద నాకున్న గౌరవంలో సగం ఆ ఒక్క పని వల్ల.

ఆ మాత్రం అదృష్టం లేనివాడు ఆర్నల్డ్ షుల్ట్జ్. కెంటకీ బొగ్గు గనుల ప్రాంతంలో తిరిగిన నల్లజాతి గిటారిస్టు. ఒక్క రికార్డూ లేదు, 1931లో పోయాడు. కంట్రీలోంచి పుట్టిన బ్లూగ్రాస్ సంగీతానికి మూలపురుషుడని చెప్పే బిల్ మన్రో కుర్రతనంలో అతని పక్కన కూర్చుని డ్యాన్సులకి వాయించాడు, ఆ సంగతి జీవితాంతం చెప్పుకున్నాడు కూడా. గిటార్ నేర్చుకునే పిల్లలు ఇవాళ ట్రావిస్ పికింగ్ అని, బొటనవేలితో తాళం వేస్తూ వేలితో పాట మీటే పద్ధతి ఒకటి నేర్చుకుంటారు, మెర్ల్ ట్రావిస్ పేరు మీద. ట్రావిస్ నేర్చుకుంది మోజ్ రేగర్, ఐక్ ఎవర్లీ అనే గని కార్మికుల దగ్గర. వాళ్ళు కెనడీ జోన్స్ దగ్గర. ఆ వరస వెనక్కి వెళ్తే షుల్ట్జ్ దగ్గర ఆగుతుందని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. ముందుకు వస్తే చెట్ ఆట్కిన్స్ అనే గిటారిస్టు. ఆట్కిన్స్ రేడియోలో ట్రావిస్‌ని విని, చెయ్యి చూడలేదు కాబట్టి, ఇది ఎన్ని వేళ్ళతో వాయిస్తున్నాడో ఏమోనని బొటనవేలికి మూడు వేళ్ళు జోడించి నేర్చుకున్నాడు. ట్రావిస్ వాడింది బొటనవేలూ చూపుడువేలూ మాత్రమే. తప్పుగా ఊహించి నేర్చుకుంటే కొత్త శైలి పుట్టింది. మా డాలస్ వాడి స్వచ్ఛతకి ఇది ఇంకో దెబ్బ. కానీ గమనించండి, ఆట్కిన్స్ ఈ సంగతి తనే చెప్పుకున్నాడు, ట్రావిస్ పేరు ఎప్పుడూ దాచలేదు. కూతురికి మెర్ల్ అనే పేరే పెట్టుకున్నాడు.

నేను మా గ్రూపులో ఒక షరతు పెట్టించాను. పాట పంపితే మూడు సంగతులు రాయాలి. ఎవరు వాయించారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎన్నో నిమిషంలో ఏ వేలు వినాలి. మూడోది నా పిచ్చి. కానీ దానివల్ల జరిగిన మేలు పెద్దది. లింకు పంపి వదిలేయడం తగ్గింది. పంపేముందు వాడు నాలుగుసార్లు వినాలి కదా. స్ట్రీమింగ్ యాప్‌లు మనకు నచ్చే పాటలు మనకంటే బాగా ఊహిస్తాయి, ఆ మాటకొస్తే హర్ట్ తర్వాత కాటన్‌ని నాకు వినిపించింది కూడా యాపే. అందులో తప్పేం లేదు. కానీ అది ఒకరి పక్కన ఒకరిని పెడుతుందే గానీ ఎవరు ఎవరికి నేర్పారో చెప్పదు.

ఈ షరతుకి ఎదురుదెబ్బ తగిలింది బ్లైండ్ విల్లీ జాన్సన్ అనే చూపులేని గాస్పెల్ గాయకుడి దగ్గర. 1927 డిసెంబరులో డాలస్‌లోనే రికార్డు చేసిన ఒక పాట ఉంది, మాటలుండవు, గొంతులో మూలుగు, దాన్ని వెంటాడే స్లైడ్, అంతే. 1977లో వాయేజర్ నౌకలతో అంతరిక్షంలోకి పంపిన బంగారు రికార్డులో అది ఉంది, కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవితో పాటు. ఎవరి దగ్గర నేర్చుకున్నాడో రాయమంటే మా వైజాగ్ వాడు "ఎవరికీ తెలియదు, ఇప్పుడు పంపొచ్చా వద్దా?" అని అడిగాడు. పంపమన్నాను. తెలియదని రాసి పంపమన్నాను. ఆ ఖాళీలో దయ్యాన్ని మాత్రం కూర్చోపెట్టొద్దన్నాను.

అమెరికన్ గిటారిస్టు రై కూడర్, మన విశ్వమోహన్ భట్ కలిసి చేసిన ఆల్బం మీద మా గ్రూపులో ఇంకా రాజీ కుదరలేదు. 1992లో కాలిఫోర్నియాలో ఒక చర్చిలో రికార్డు చేశారు, వాయించడానికి కూర్చునే ముందు గంటకంటే తక్కువ సేపే ఇద్దరికీ పరిచయం. దానికి గ్రామీ వచ్చింది. భట్ మోహనవీణ అంటే గిటార్‌కే, మీటకుండానే తోడుగా మోగే తరబ్ తీగలు కట్టి ఒళ్ళో పెట్టుకుని స్లైడ్‌తో వాయించేది. కూడర్ స్లైడ్ నేర్చుకున్నది బ్లైండ్ విల్లీ జాన్సన్ లాంటివాళ్ళ రికార్డులు అరగదీసి. భట్ రవిశంకర్ శిష్యుడు. ఇద్దరూ తమ వెనుక ఎవరున్నారో దాచుకోకుండా వాయిస్తారు. ఒకరు అన్నది ఇంకొకరు అందుకునే ముందు ఒక క్షణం ఆగుతారే, ఆ ఆగడం వినండి. ఫ్యూజన్ పేరుతో వచ్చే చాలా కచేరీల్లో ఉండనిది అదే. డాలస్ వాడు దాన్ని రూట్స్ అనడు. వైజాగ్ వాడు రోజూ స్నానం చేసేటప్పుడు వింటాడు.

ఇందాక జానపదం దగ్గర నాలుక మడతపడుతుందన్నాను. మన సినిమాల్లో పల్లె బాణీ వాడుకుని టైటిల్స్‌లో "జానపదం" అని ఒక్క మాట వేసి ఊరుకోవడం ఎన్నోసార్లు చూశాం. సేకరించిన వాళ్ళ పుస్తకాల్లో కూడా పాట ఉంటుంది, పాడిన అవ్వ పేరు ఉండదు, ఫలానా జిల్లాలో సేకరణ అని ఉంటుంది. జిల్లా పాడుతుందా? రిడిల్ గురించి కళ్ళ నీళ్ళు పెట్టుకునే మనం, మన రిడిళ్ళ పేర్లు ఎన్ని చెప్పగలం?

మొన్న వైజాగ్ వాడు వాళ్ళ అత్తగారి ఊళ్ళో జాతరకి వెళ్ళి, జముకుల కథ చెప్తుంటే ఫోన్లో రికార్డు చేసి పంపాడు. శ్రీకాకుళం వైపు. తోలు బిగించిన చిన్న డోలులోంచి తీగ లాగి పట్టుకుని మీటే జముకు, ఒంటి తీగే, కానీ తీగను బిగించీ వదిలీ స్వరాన్ని వంచుతున్న తీరు చూస్తే మా అందరికీ మతిపోయింది. మూడో నిమిషంలో ఆ చెయ్యి వినాలి. పేరేంటి అని అడిగితే "అడగలేదు రా" అన్నాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నారు? "అదీ అడగలేదు." డాలస్ వాడు, స్వచ్ఛతావాది, అందరికంటే ముందు వాడే కోప్పడ్డాడు. అత్తగారి ద్వారా ఆ బృందం పెద్ద ఫోన్ నంబరు దొరికింది. సంక్రాంతికి ఎలాగూ అటు వెళ్తున్నాడు. అడగాల్సినవి మేం ముగ్గురం రాసి పంపాం: మీ పేరేంటి, మీకు నేర్పినవాళ్ళెవరు, వాళ్ళకి నేర్పినవాళ్ళెవరు, రికార్డు పదిమందికి పంపితే మీకు అభ్యంతరమా, పంపితే మీ పేరు ఎలా రాయమంటారు.